ఆదివారం మాత్ర

మావారికి పోర్ట్ బ్లెయిర్ బదిలీ అయినప్పుడు అత్తయ్య కూడా మాతోనే వచ్చారు. ఆవిడకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. ప్రతి ఆదివారం మెథోట్రెక్సేట్, మిగతా ఆరు రోజులూ ఫోలిక్ ఆసిడ్ వేసుకుంటారు.

ఒక ఆదివారం రాత్రి టీవీ చూస్తూ వారానికి సరిపడా మాత్రల డబ్బా నింపాను. మర్నాడు పొద్దున్న మాత్ర నోట్లో వేసుకోబోతూ అత్తయ్య ఆగారు. "ఆదివారం మాత్ర ఇవాళ పెట్టావేంటే అమ్మాయ్?" అన్నారు. చూస్తే రెండూ పసుపురంగు చిన్న బిళ్లలే. ఆరు గళ్లలోనూ మెథోట్రెక్సేటే పెట్టాను! డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారమ్మా" అన్నారు. నా కాళ్లు వణికాయి.

మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి సొంత కీళ్ల మీదే దాడి చేయడమే ఈ జబ్బు. మెథోట్రెక్సేట్ ఆ దాడిని అణచిపెడుతుంది. కణాలు పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లానికి అది అడ్డుపడుతుంది. వారానికోసారి తక్కువ మోతాదులో అయితే మేలు. రోజూ అయితే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, నోరు పుండ్లు పడుతుంది. దుష్ఫలితాలు తగ్గడానికే మిగతా రోజుల్లో ఫోలిక్ ఆసిడ్ ఇస్తారు.

విశేషమేమిటంటే, ఈ రెండు బిళ్లల వెనుకా ఒక తెలుగువాడున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత దానికి విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. ముందు పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడిన ఈ రకం మందు, తర్వాత కీళ్లకూ పనికొచ్చింది.

ఈ దీవుల్లో మరో జాగ్రత్త కావాలి. ఇక్కడ వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ఎక్కువ. రక్షణ వ్యవస్థను అణచే మందులు వాడేవారికి ఏ అంటువ్యాధైనా ముదిరే ప్రమాదముంది. అందుకే అత్తయ్యకు ఒళ్లు వెచ్చబడితే "చూద్దాంలే" అనుకోం, అదేరోజు డాక్టరు దగ్గరికి వెళతాం. మందు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ పరీక్ష, తర్వాత క్రమం తప్పకుండా రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు తప్పనిసరి. కొన్ని యాంటీబయాటిక్స్ దీనితో కలిస్తే ప్రమాదం కనుక, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఈ మందు పేరు చెబుతాం.

రక్షణ వ్యవస్థను ఉత్తేజపరిచే మందులూ ఉన్నాయి. టీకాలు అలాంటివే. కీమోథెరపీ తర్వాత తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్లూ ఉన్నాయి. కానీ "ఇమ్యూనిటీ పెంచుతుంది" అని ఎవరో ఇచ్చిన పొడులు అత్తయ్యలాంటివారు అడగకుండా వాడకూడదు. ఆవిడ జబ్బే రక్షణ వ్యవస్థ అతిగా పనిచేయడం. టీకాల్లో కూడా బ్రతికున్న క్రిములతో చేసినవి డాక్టరు చెప్పాకే వేయించాలి.

ఇప్పుడు మా ఇంట్లో మెథోట్రెక్సేట్ వేరే డబ్బాలో ఉంటుంది. మూత మీద పెద్ద అక్షరాలతో "ఆదివారం మాత్రమే" అని రాశాను. డబ్బా నేను నింపినా, సరిచూసేది మాత్రం అత్తయ్యే.