జపాను వెదురు వాద్యము - షాకుహాచి



గాలి తగిలినంతనే మ్రోగు వెదుళ్లకు అమరకోశమున కీచకములని వేరుగా పేరు గలదు. మన పిల్లనగ్రోవికిని, జపాను దేశపు షాకుహాచి యను వాద్యమునకును మూలమా మ్రోతయే. పిల్లనగ్రోవి యుండగా పరదేశపు గొట్టముతో మనకేమి పని యని మా మాదన్నపేట వృద్ధులొకరు నన్నడిగిరి. పని యున్నది, ముదిమిలో విద్య నారంభింపగోరువారికి మరియు నున్నది.

షాకు అనునది వారి కొలత. మన అడుగునకు ఇంచుమించు సమానము. అందు పదవ పాలు సును. ఒక షాకు, ఎనిమిది సునులు గల గొట్టము గనుక ఆ పేరు వచ్చినది. హాచి యనగా ఎనిమిది. అనగా సుమారు 54.5 సెంటీమీటర్లు, మూరమీద మూడున్నర అంగుళములు. వెదురును వేరు మొదటితో కూడ త్రవ్వి తీసి, ఆ వేరు ముడులను అడుగుకొసగా నుంతురు. ముందు నాలుగు రంధ్రములు, వెనుక బొటనవ్రేలికి ఒకటి. మన వేణువును అడ్డముగా పట్టుదుము. దీనిని సన్నాయివలె నిలువుగా పట్టుదురు. కాని సన్నాయికున్న పీక దీనికి లేదు. పై అంచును ఏటవాలుగా చెక్కి వాడిచేయుదురు. ఊపిరి ఆ వాదరపై పడి చీలినప్పుడే నాదము పుట్టును. వెంట్రుకవాసి తప్పినను 'హుస్సు' మను చప్పుడే మిగులును.

రంధ్రములైదే గనుక నేరుగా పలుకు స్వరములును కొలదియే. కడమవాటిని రంధ్రమును సగము మూసియు, తల వంచియు, ఎత్తియు రాబట్టుదురు. తల వంచిన స్వరము దిగును, ఎత్తిన హెచ్చును. మనము వ్రేళ్లతో పలికించు జారుడును వారు మెడతో పలికింతురు. మెడ యూపుటకే మూడేండ్లు పట్టునని వారిలో సామెత.

మా పేట గోలకొండ మంత్రి మాదన్న పేరిట వెలసినదందురు. ఆయన 1686లో హతుడయ్యెను. ఆ శతాబ్దమందే జపానులో కొముసోలను భిక్షువులు ముఖమును కప్పు బుట్టను తలపై ధరించి, ఈ వాద్యమూదుచు భిక్షాటనము చేయుచుండిరి. వారికిది కచేరీ గాదు, ధ్యానము. ప్రాణాయామమెరిగిన మనకు దీని మర్మము వేగమే బోధపడును. నియమము ప్రకారము వాద్యము వారిదే. వారిలో కురొసావా కింకో (1710-1771) 36 కృతులను సేకరించి క్రమపరచెను. 1871లో ప్రభుత్వము ఆ భిక్షు శాఖను రద్దుచేసెను. అంతటితో విద్యయు నశింపవలసినదే. గృహస్థులు శిష్యులుగా దొరకుటచేత నిలిచినది. 1896లో నకావో తోజాన్ ఒసాకాలో క్రొత్త సంప్రదాయమును నెలకొల్పెను.

నేడు దీనిని ఉచితముగా నేర్పు తరగతులును కలవు. మంచి వెదురు వాద్యము మిక్కిలి ఖరీదు గనుక, ప్రారంభమున ప్లాస్టిక్ గొట్టముతో చేసినదానినే ఉపయోగింతురు. అంచు చక్కగా చెక్కినచో నేర్చుకొనుటకు అదియే చాలును. తొలి పాఠమంతయు 'రో' అను ఒక్క స్వరమే: రంధ్రములన్నియు మూసి దీర్ఘముగా నూదుట. కొందరికి మొదటిదినమే పలుకును, కొందరికి వారములు పట్టును. సొమ్ము చెల్లింపనివాడు ఈ వారములలోనే మానివేయును. అందుచే ఉచితముగా నేర్పువాని కష్టము వేతనము పుచ్చుకొనువాని కష్టముకంటె హెచ్చు. బడిపంతులుగా పనిచేసినవాడను గనుక చెప్పుచున్నాను. బడికి రానివానిని పిలువనంపవచ్చును. ఇచ్చట పిలుచుటకు అధికారమేది? పెద్దలు ఒకరిద్దరు విడువక కూర్చుండినచో పిల్లలును కూర్చుందురు.

ఇంట ప్రయత్నింపగోరువారు ముందు ఖాళీ సీసా మూతి యంచున ఊది చూడుడు, సూత్రమదియే. పెదవులు బిగింపవలదు. తల తిరిగినట్లున్న వెంటనే ఆపి, మామూలుగా ఊపిరి తీసికొని, మరునాడు మరల ఊదుడు.