కుర్చీ దిగిన ఇంజినీర్లు

అదియమాన్‌కోట్టై (ధర్మపురి): ధర్మపురి నుంచి సేలం పోయే రహదారిలో ఈ ఊరి పేరు కనబడితే ఉసిరికాయ గుర్తొస్తుంది. దొరక్క దొరికిన కాయను తాను తినక అవ్వైయార్‌కు ఇచ్చిన అదియమాన్ కోట ఇక్కడేనంటారు. ఆ సీమలో ఇప్పటి చిక్కంతా మంచినీళ్లతోనే. బోర్లలో నీళ్లు పడ్డా ఫ్లోరైడ్ బెడద. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పిల్లల పళ్లు గారపడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగుతాయి. ఆంధ్రలో పొదిలి, దర్శి వైపు 1937లోనే బయటపడిన జబ్బు ఇదే.

ఈ గోడు తీర్చాల్సింది 1971లో ఏర్పడిన తమిళనాడు తాగునీటి, డ్రైనేజీ బోర్డు (ట్వాడ్). బోరు వేయడం, ట్యాంకు కట్టడం, పంచాయతీకి అప్పజెప్పి వచ్చేయడం... చాలాకాలం ఇదే తీరు. బోరు ఎండితే మళ్లీ కొత్త బోరే. బిందె మోసే ఆడవాళ్లను అడిగిన నాథుడు లేడు.

2003-04 ప్రాంతంలో ఐఏఎస్ అధికారి విభు నాయర్, న్యాయవాది వి.సురేశ్ ఈ అలవాటు మీదే చెయ్యేశారు. అందుకు పట్టుకున్న సాధనం ‘కూడం’. పాత తమిళ ఇళ్లలో నలుగురూ కూడే చోటది. ఇంజినీర్లంతా గుండ్రంగా కూర్చోవాలి. పెద్దసారుకు వేరే కుర్చీ లేదు, హోదా గుమ్మం బయటే. చిన్న ఉద్యోగి చెప్పినా వినాల్సిందే. ఆ సార్లకు మొదట్లో ముళ్ల మీద కూర్చున్నట్టే ఉండి ఉంటుంది మరి! ఆ చర్చల్లోంచే మరైమలైనగర్ ప్రకటన వచ్చింది. నీళ్లు అందని వాళ్లకు అందించాలి, ఉన్న వనరును కాపాడాలి అన్నది దాని సారం. తర్వాత 145 పంచాయతీల్లో ప్రయోగం చేశారు. కొత్త పథకం కన్నా ముందు ఉన్నదాన్ని బాగుచేయడం, వాననీటిని ఇంకించడం, ఊరివాళ్లతో కూర్చుని ఖర్చు తేల్చుకోవడం.

ఫ్లోరైడ్‌కు ఇదొక్కటే చాలదు, కావేరి నీళ్లు రావాల్సిందే. జపాన్ రుణంతో రూ.1,928.80 కోట్ల హొగెనక్కల్ పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది, 2013 మేలో ప్రారంభమైంది. హోసూరు, కృష్ణగిరిలోని తెలుగు ఇళ్లకూ ఆ నీళ్లే. పైపు వచ్చాకే అసలు పరీక్ష. వాల్వు ఎవరు తిప్పాలి? చివరి వీధికి ఎన్ని బిందెలు? సరఫరా ఆగిన రోజు జనం పాత బోరుకే పోతే ఫ్లోరైడ్ మళ్లీ కడుపులోకే. ఆఫీసు బల్ల దగ్గర కూర్చుంటే ఇవి తేలవు, ఆ వీధిలో కూర్చోవాలి.

2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలన్నది నియమం. మీ పంచాయతీలో ఆ కిట్టు ఎవరి దగ్గరుందో, ఆఖరిసారి ఏ బోరు నీళ్లు పరీక్షించారో వచ్చే గ్రామసభలో అడగండి.