పడమటి కిటికీ



కిటికీకి సంస్కృతమున రెండు చక్కని పేళ్లు గలవు. గవాక్షమనగా ఆవుకన్ను, వాతాయనమనగా గాలి వచ్చు త్రోవ. అమరకోశమున నీ రెండును ప్రక్కప్రక్కనే యుండును. చిన్ననాడు మా తండ్రిగారు వల్లె వేయించినప్పుడు నాకివి వట్టి మాటలుగనే యుండెను. ఇల్లు గట్టుకొన్న పిదప, చూపునకు మాత్రమే పనికివచ్చి గాలి నీయని కిటికీ యెట్టిదో తెలిసివచ్చినది.

రాజమహేంద్రవరమున మేము ఇల్లు గట్టి నాలుగేండ్లయినది. మావారిది ఉపాధ్యాయవృత్తి, పెక్కేండ్లు కూడబెట్టిన సొమ్మంతయు నందు వ్యయమైనది. పడమటి గదికి గోడలో సగమువఱకు కదలని అద్దముండవలయునని ఇల్లు గట్టిన మేస్త్రీ పట్టుబట్టెను. అందముగ నుండునని నేనును తల యూచితిని. ఆ తప్పు నాదే. ఆ గది మా యత్తగారిది. రెండేండ్ల క్రిందటి వైశాఖమున నొకనాటి సాయంకాలము ఆమె మంచముపై చెమటయైనను పట్టక, ఒడలు కాలుచు, మాట తడబడుచు బడియుండిరి. వైద్యుడు వడదెబ్బ యనెను. ఇంటిలోపల, గడప దాటని మనిషికి వడదెబ్బ! మూడు దినములు ఆసుపత్రిలో నుండి ఆమె మరలి వచ్చినది మొదలు నేను కిటికీల విషయమును శ్రద్ధగా దెలిసికొనసాగితిని.

మొదట మన సీమలో సూర్యుడు నడచు తీరును గుర్తింపవలయును. గోదావరీతీరమున మా యూరు సుమారు 17 డిగ్రీల ఉత్తరాక్షాంశమున నున్నది. కావున మే నెల రెండవ వారమున మధ్యాహ్నపుటెండ నడినెత్తిన నుండును. అప్పుడు దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడున్న చాలును, ఎండ లోనికి రాదు. చలికాలమున సూర్యుడు దక్షిణమునకు వాలి ఆ కిటికీ గుండనే హాయియైన యెండ నిచ్చును. పడమర సంగతి వేఱు. సాయంకాలపు సూర్యుడు కిటికీ కెదురుగ దిగివచ్చును. మీది సన్‌షేడు వాని నాపజాలదు. వేసవిలో నతడు వాయవ్యమునకు జరిగి క్రుంకును గనుక ఉత్తరపు కిటికీలకును ఆ వేళ కొంత యెండ తగులును.

అద్దముల దుకాణమున రెండు పొరల అద్దము వేయించుకొనుడని చెప్పిరి. అది మంచిదే, దేనికి మంచిదో తెలియవలయును. అద్దమునకు మూడంకెలు గలవు. వానిని వ్రాసి యిమ్మని యడుగుడు. మొదటిది యు-విలువ. లోపలికిని వెలుపలికిని గల వేడిమి భేదముచే అద్దము గుండ నెంత వేడి పాఱునో యది చెప్పును. ఒంటి అద్దమునకు సుమారు 5.7, నడుమ గాలి నుంచి మూసిన రెండు పొరలకు సుమారు 2.8. రెండవది ఎస్.హెచ్.జి.సి., అనగా మీదబడిన యెండవేడిలో లోనికి జొచ్చు పాలు. తెల్లని యొంటి అద్దమున నూటికి ఎనుబది పాళ్లు లోనికి వచ్చును. తెల్లనిదే రెండు పొరలు వేసినను ఇంచుమించు డెబ్బది పాళ్లు వచ్చుచునే యుండును. చూచితిరా! మంచు గురియు దేశములవారికి లోని వేడిని నిలుపుకొనుట ముఖ్యము గనుక మొదటి యంకె ప్రధానము, మనకు రెండవది. కంటికి గానరానంత పలుచని వెండిపూతగల లో-ఇ అద్దములు గలవు. వానిలో ఎండ నాపుటకై చేసినవి ఆ పాలును ముప్పదికిని, అంతకు లోపలికిని దింపగలవు. మూడవ యంకె వెలుతురుది. నల్లని అద్దము చౌకయని వేయించి పగలే దీపము వెలిగించుకొను ఇండ్లను నేనెఱుగుదును.

లోపల దట్టపు తెర వేసిన చాలదా యని మా చెల్లెలు అడిగినది. చాలదు. ఎండ అద్దమును దాటి తెరను కాచును. కాగిన తెర విడుచు సెగను అద్దము సులభముగ బయటికి బోనీయదు. మన పెద్దలు వట్టివేళ్ల తడికెలను వెలుపలనే వ్రేలాడగట్టిరి.

కేంద్రప్రభుత్వమువారు 2018లో ఇండ్లకై వెలువరించిన ఎకో నివాస్ సంహితలో, ఉక్కపోత సీమలయందు వెలుపలికి దెఱచుకొను కిటికీలు, తలుపులు, వెంటిలేటర్లు కలిపి ఇంటి వైశాల్యములో ఆఱవ వంతు ఉండవలయునని యున్నది. ప్రక్కకు జరుపు కిటికీ సగమే తెఱచుకొనును. ఱెక్కల కిటికీ యంతయు దెఱచుకొనును. చట్రమునకు వట్టి అల్యూమినియము వేడిని త్వరగా లోనికి దెచ్చును, కొయ్యయు, యు.పి.వి.సి.యు నంతగా దేవు.

ఇల్లంతయు మార్చుటకు మాకు శక్తి లేదు. నా పుట్టింటి గాజుల జత నమ్మి, పడమటి గది నొక్కదానినే బాగుచేయించితిమి. అమ్మినందుకు మావారు మూడు దినములు నాతో మాటలాడలేదు. అద్దమంతయు దీయించి, సగము ఇటుకతో బూడ్పించి, మిగిలినదానికి టేకు ఱెక్కలు పెట్టించితిమి. వెలుపల వెదురు తడికె. వెండిపూత అద్దము కొనలేదు. ఏ.సి. లేక, కిటికీ తెఱచియే యుంచు గదికి దానివలన లాభము స్వల్పము. ఏ.సి. గదులుగలవారికి అది తగినది. అట్టివారు ఱెక్కల చుట్టును రబ్బరు పట్టీ సందు లేకుండ నంటియున్నదా యని కూడ చూచుకొనవలయును.

ఈ వేసవిలో అత్తగారు మధ్యాహ్నము తడికె దింపించుకొని నిద్రించి, ప్రొద్దు క్రుంకగనే దానిని ఎత్తించుచుండిరి. వీధి కనబడదని గొణుగుట మాత్రము మానలేదు. కిటికీ కెదుట నాటిన వేపమొక్క నా నడుమెత్తునకు వచ్చినది.