మారని స్ట్రింగ్, మారే లిస్టు

ఫైలు నుంచి చదివిన పేర్లన్నీ ఒక జావా అరేలిస్టులో ఉన్నాయి. అందులో “రవి” ఉందా అని కంటెయిన్స్‌తో అడిగితే ఫాల్స్ అంటుంది. ప్రింట్ చేస్తే పేరు కళ్ళెదుటే కనిపిస్తోంది. అప్పుడు కోడంతా తిరగరాయడం మొదలుపెట్టకూడదు, ఆ పేరు లెంగ్త్ ప్రింట్ చేసి చూడాలి. నాలుగు అని వస్తుంది. ర, వ, గుడి కలిపితే మూడే (జావా మొదటి నుంచీ యూనికోడ్‌నే నమ్ముకుంది కనుక గుడిని కూడా విడిగా లెక్కేస్తుంది). నాలుగోది పేరు చివర అంటుకుని వచ్చిన ఖాళీ.

సరే, లూప్ పెట్టి ఒక్కో పేరు మీదా ట్రిమ్ పిలుస్తారు. మళ్ళీ నాలుగే! ట్రిమ్ పాత స్ట్రింగ్‌ని ముట్టుకోదు. ఖాళీ లేని కొత్తదాన్ని చేసి ఇస్తుంది. దాన్ని ఎవరూ అందుకోలేదు. ఈసారి “పేరు = పేరు.ట్రిమ్()” అని రాస్తారు. లూప్ లోపల ప్రింట్ చేస్తే మూడు, బయటికొచ్చి లిస్టులో చూస్తే నాలుగు. ఇక్కడ ఆగి ఆలోచించినవాళ్ళకు జావా సగం అర్థమైనట్టే.

ట్రిమ్ పాత స్ట్రింగ్‌ని ఎందుకు ముట్టుకోదో తెలియాలంటే జావా పుట్టుకను చూడాలి. 1991లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం ఇంటి ఎలక్ట్రానిక్ పరికరాల కోసం మొదలుపెట్టిన భాష ఇది. 1995లో జావాగా బయటికొచ్చేసరికి వెబ్‌తో ముడిపడింది. ఎక్కడి నుంచో వెబ్ పేజీతో పాటు వచ్చిన ఆప్లెట్ అనే చిన్న ప్రోగ్రాం మన కంప్యూటర్లో నడవాల్సి వచ్చేది. అది ఒక ఫైలు పేరు చెబితే, తెరిచే అనుమతి ఉందో లేదో జావా చూసేది. చూశాక, తెరిచేలోపు ఆ పేరులో అక్షరాలు మార్చేయగలిగితే ఆ తనిఖీ ఎందుకు? స్ట్రింగ్‌ని మారకుండా కట్టడి చేయడానికి ఇదొక ముఖ్య కారణం. మారదు కనుకనే ఒకే స్ట్రింగ్‌ని ఎన్నిచోట్లయినా నిశ్చింతగా పంచుకోవచ్చు.

1998లో జావా 1.2తో వచ్చిన అరేలిస్టు తీరు వేరు, అది మారడానికే పుట్టింది. అయితే దాని గడుల్లో ఉండేవి స్ట్రింగ్‌లు కావు, వాటి చిరునామాలు. 2004లో జావా 5 తెచ్చిన కొత్త ఫర్ లూప్ ప్రతి చుట్టులోనూ ఒక చిరునామాకు నకలు తీసి వేరియబుల్‌కి ఇస్తుంది. మనం మార్చింది ఆ నకలుని. గడిలోది అలాగే ఉంది.

కాబట్టి గడినే మార్చాలి. ఇండెక్స్‌తో లూప్ నడిపి సెట్ పిలవాలి, లేదా 2014 నాటి జావా 8 నుంచి ఉన్న రిప్లేస్‌ఆల్‌కి ట్రిమ్‌ని అప్పగించాలి. ఇప్పుడు లెంగ్త్ మూడు, కంటెయిన్స్ ట్రూ.