తరగతి లిఖితపత్రిక

మన పాఠశాలలలో విద్యార్థి సంవత్సరమంతయు వ్రాయుచునే యుండును. నల్లబల్లమీది ప్రశ్నోత్తరములు వ్రాయును. గైడు పుస్తకములోని వ్యాసములు వ్రాయును. ఆ వ్రాతకు పాఠకుడొక్కడే, ఎఱ్ఱసిరా కలము పట్టిన ఉపాధ్యాయుడు. వేసవి సెలవులు రాగానే ఆ పుస్తకములు పొట్లములు కట్టు అంగడికి చేరును. పదేండ్లిట్లు వ్రాసిన బాలుని, తండ్రి పక్షమున తహసీలుదారునకొక అర్జీ వ్రాయుమన్నచో, కలము నోటబెట్టుకొని దిక్కులు చూచును. వానికి బుద్ధి లేక కాదు. తన మాట వినగోరువాడొకడు కలడని వానికెవ్వరును తెలియజేయలేదు.

ఈ జాడ్యము నేటిది కాదు. మదరాసు సదరు అదాలతు కోర్టున దుబాసీగా నుండిన వెన్నెలకంటి సుబ్బారావుగారు 1820లో మదరాసు పాఠశాల పుస్తక సంఘమునకు విన్నవించుచు, పిల్లలు అర్థమెరుగకయే పద్యములు వల్లించుచున్నారని వాపోయిరి. ఆయన తన జీవితకథను తానే ఆంగ్లమున వ్రాసికొనిరి. అది ఆయన గతించిన పిమ్మట 1873లో అచ్చుపడెను.

పడమటి నెల్లూరున మాత్రము చదువు వేరొక దారి త్రొక్కిన సందర్భమొకటి కలదు. ఉదయగిరి నియోజకవర్గమునకు చెందిన కలిగిరి మండలములో దూబగుంట యను గ్రామమున్నది. 1990 తరువాత జిల్లాయందు సాగిన అక్షరాస్యతోద్యమములో, పగలెల్ల కూలిపని చేసివచ్చిన స్త్రీలు రాత్రిబడులలో కూర్చుండి అక్షరములు దిద్దిరి. వారి వాచకమున సీతమ్మ కథ యను పాఠముండెను. భర్త త్రాగుడుచే నాశమైన యిల్లాలి కథ అది. చదివినవారు అది తమ యింటి కథయేయని పోల్చుకొనిరి. మాటకు మాట పెరిగి తుదకు ఊరి సారాదుకాణమును మూయించిరి. దూబగుంట స్త్రీలు చేసిన యీ పనియే తరువాతి వాచకమున ‘ఆడవాళ్లు ఏకమైతే’ యను పాఠమై, జిల్లాలోని యితర రాత్రిబడులకు చేరెను. నిన్న పాఠము చదివినవారే నేడు పాఠమైరి! 1992లో ఆ కదలిక జిల్లా యంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధమును 1997లో సడలించిరి. ఆ చర్చ యిక్కడ వలదు. తన బ్రతుకు అక్షరములలో కనబడి, దానిని పొరుగూరివారు చదివినప్పుడు చదువరి యెంత యెదుగునో యిందు తేటపడుచున్నది.

పిల్లల విషయమున దీనిని నియమముగా నడపిన ఉపాధ్యాయుడు ఫ్రాన్సుదేశపు సెలెస్టెన్ ఫ్రెనే. మొదటి ప్రపంచయుద్ధమున ఊపిరితిత్తికి గాయమగుటచే ఆయన తరగతిలో ఎక్కువసేపు మాటాడలేకపోయెను. దక్షిణమున కొండప్రాంతపు పల్లెబడిలో పనిచేయుచు, 1924 ప్రాంతమున చిన్న అచ్చుయంత్రమొకటి తెచ్చి, పిల్లలు తమ ఊరిని గూర్చి వ్రాసినదానిని పిల్లలచేతనే అచ్చువేయించెను. ఆ పుటలు సముద్రతీరమందలి బ్రిటనీ ప్రాంతపు బడికి పోవుచుండెను. అచ్చటి పిల్లల వ్రాతలు వీరికి వచ్చుచుండెను.

మనకు అచ్చుయంత్రము కూడ అక్కరలేదు. గట్టి అట్టగల పెద్దపుస్తకమొకటి చాలును. తరగతిలోని ప్రతి విద్యార్థియు వంతులవారీగా అందొక పుట వ్రాయవలయును. ఉదయగిరి బాలునకు వస్తువు కొఱవడదు. 1514లో శ్రీకృష్ణదేవరాయల వశమైన దుర్గము వాని కన్నులయెదుటనే యున్నది. గరిటెలు చెక్కువారు వాని వీథిలోనే యుందురు. ఏ కొయ్య తెత్తురో, ఎన్నినాళ్లు ఆరబెట్టుదురో, ధర యెవ్వరు నిర్ణయింతురో అడిగి వ్రాయవచ్చును. ఆత్మకూరు బాలిక సోమశిల నీరు తమ చేనికి వచ్చిన యేటిని, రాని యేటిని గూర్చి తాతనడిగి వ్రాయును. నెలకొకమారు ఈ రెండూళ్ల పుస్తకములు బస్సుమీద అటునిటు మారవలయును. కొయ్య పేరు వ్రాయుట మరచినచో ఆత్మకూరునుండి ప్రశ్న వచ్చును. అట్టి ప్రశ్న చేయు పని ఎఱ్ఱసిరా చేయజాలదు.

ఉపాధ్యాయులకొక మనవి. ప్రతి పంక్తిని దిద్దకుడు. పైయధికారి మెప్పుకొఱకు పుస్తకమంతయు గురువుగారే అందముగా వ్రాసియుంచు బళ్లును కలవు. అట్టి పుస్తకమునకు అద్దాలబీరువాయే తగిన చోటు. తప్పులను మరుసటి పుటలో బాలుడే కనుగొననిండు. మార్కులు తగ్గునని తలిదండ్రులు భయపడుదురు. తన మాటలతో వ్రాయనేర్చినవాడు ఎరుగని ప్రశ్న వచ్చినప్పుడు కాగితము తెల్లగా విడువడని వారికి చెప్పవలయును.

ముఖ్యమైన పుట చివరిది. మార్చినెలలో విద్యార్థి తాను జూన్ మొదలుగా వ్రాసిన పుటలన్నియు తిరిగి చదివి, తనలో నేమి మారినదో వ్రాయవలెను. జూన్ పుటలో ‘మా ఊరు మిక్కిలి సుందరమైనది’ యని యుండును. అది యే ఊరికైనను సరిపోవును. ఫిబ్రవరి పుటలో ఎండిన బావి లోతు ఎన్ని మట్లో, ఎవరు వలసపోయిరో, ఎవరు తిరిగివచ్చిరో యుండును. ఈ రెండింటి నడుమ తానెంత నడిచెనో పరీక్షాధికారి చెప్పలేడు. ఆ రెండు పుటలు ప్రక్కప్రక్కన నుంచుకొనిన బాలుడే చెప్పగలడు. కొందరు సిగ్గుపడి తొలిపుట చింపబూనుదురు. చింపనీయకుడు.

పెద్దపుస్తకమునకును బస్సు కూలికిని కావలసిన సొమ్ము ఊరిలో ఏ రైతైనను ఈయగలడు. అంతకంటె కావలసినది ఆయన నెలకొక సాయంకాలము బడికి వచ్చి, అందు తన చేనిని గూర్చి పాలేరు కొడుకు ఏమి వ్రాసెనో కూర్చుండి చదువుట.