నలభై అడుగులకు ఒక అడుగు

ఇంట్లో మురుగు పైపు వేసే మేస్త్రీలు ఒక లెక్క పాటిస్తారు. నాలుగు అంగుళాల పైపుకి నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వాలి. అంతకన్నా బాగా తగ్గితే నీళ్లు జారిపోతాయి, మలినం పైపులోనే ఉండిపోతుంది. ఇదే లెక్క గోదావరి డెల్టాకి కట్టి చూస్తే అసలు ఇబ్బంది బయటపడుతుంది. రాజమండ్రి సముద్రమట్టానికి సుమారు 14 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణుంచి బంగాళాఖాతం దాకా అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో నేల దిగేది ఆ 14 మీటర్లే. ఇంటి పైపుకిచ్చే వాలుతో దిగితే ఆ ఎత్తంతా 560 మీటర్లలో అయిపోతుంది. అమలాపురంలో సింకు ఎందుకు పొంగిందో, భీమవరంలో వానాకాలం బాత్‌రూమ్‌లోకి మురుగు ఎందుకు ఎదురెక్కిందో తెలియాలంటే ముందు ఈ నేల సంగతి తెలియాలి.

డెల్టాకి నీళ్లు రావడం గురించి ఎంతో చెప్పుకున్నాం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది, కాలవలు పారాయి, కాటన్ దొర విగ్రహాలు ఊరూరా వెలిశాయి. వచ్చిన నీరు బయటికి పోయే దారి మీద మాత్రం అంత శ్రద్ధ పెట్టలేదు. ముంపులు మీదపడ్డాక 1960ల్లో మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదలని పరిశీలించింది. 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. భీమవరం మధ్య నుంచి వెళ్లే యనమదుర్రు డ్రెయిను, తూర్పు డెల్టాలో తుల్యభాగ, కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు, ఇవీ డెల్టా నీరు దిగిపోయే దారులు. వీటిలో పూడిక పేరుకున్నా, గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకున్నా ఆ ప్రభావం చేల గట్ల దగ్గరే ఆగదు. పెద్ద డ్రెయిను నిండితే ఊరి కాలవ కదలదు. ఊరి కాలవ కదలకపోతే ఇంటి ముందు గల్లీ ట్రాప్ నిండుతుంది.

రాజమండ్రిదీ అదే కథ. నగరం మురుగు చాలామటుకు ఆవ, నల్లా ఛానళ్లలోకి వెళుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. గోదావరి నిండుగా ఉన్న రోజుల్లో నదిలోకి దిగాల్సిన మురుగుకి దారి ఉండదు. అదే రోజున ఊళ్లో కుండపోత పడితే తుమ్మలావ, ఆర్యాపురం, కంబాలచెరువు వంటి పల్లపు ప్రాంతాల వారికి అవస్థే. ఆ పూట ప్లంబర్ని పిలిచి లాభం లేదు. అతను పైపు ఎంత శుభ్రం చేసినా అవతల నీరు దిగదు.

అందుకే అనుభవమున్న ప్లంబరు రాగానే పనిముట్లు తీయడు. "ఒక్క సింకేనాండీ, అన్నీ నిలిచిపోతున్నాయాండీ?" అని అడుగుతాడు. ఒక్కటే అయితే అడ్డు దాని కిందే ఉంటుంది. సింకు కింద బకెట్ పెట్టి, బాటిల్ ట్రాప్ అడుగు మూతని చేత్తో తిప్పి విప్పితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. నల్లటి జిడ్డు, మెతుకులు, అంట్లు తోమిన కొబ్బరి పీచు పోగులు ముద్దగా బయటపడతాయి. ఇంట్లోవన్నీ నిలిచిపోతుంటే పెరట్లో ఛాంబర్ మూత తీస్తాడు. ఛాంబర్ ఖాళీగా ఉంటే అడ్డు ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య ఉన్నట్టు. నిండుగా ఉంటే ఛాంబర్ దాటాక ఉన్నట్టు. ఆ తర్వాతే రాడ్డో, వెదురు బద్దో, ప్రెషర్ జెట్టో పైపులోకి వెళ్లేది. ఈ వరస తెలిసిన పనివాడు గచ్చు పగలగొట్టడు. ముందే గచ్చు మీద సుత్తి వేసేవాణ్ణి ఆపి, ఛాంబర్ చూశారా అని అడగడం ఇంటివాళ్ల హక్కు.

వాసన వేరే జబ్బు. ప్రతి సింకు కిందా, బాత్‌రూమ్ మూల నహానీ ట్రాప్‌లోనూ వంపు దగ్గర రెండంగుళాల నీరు నిలిచి ఉంటుంది. మురుగు గాలి ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీరే. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ మరుగుదొడ్డికి ఇలా వంపు తిరిగిన పైపు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. నేటికీ సూత్రం అదే. వాడని గదిలో ఎండాకాలం ఆ నీరు ఆవిరైపోతుంది, రెండు చెంబుల నీళ్లు పోస్తే సరి. ఒక చోట ఫ్లష్ కొడితే మరో చోట గుడగుడలాడుతుంటే మాత్రం డాబా పైకి వెళ్లిన గాలి పైపు మూసుకుపోయి ఉండవచ్చు, లేదా అసలు పైపే వేసి ఉండకపోవచ్చు. గాలి అందని పైపు ట్రాప్‌లోని నీటిని లాగేసుకుంటుంది. ఇల్లు కట్టేటప్పుడు కొద్ది డబ్బు మిగుల్చుకోవాలని ఈ పైపు మానేసినవాళ్లు ఆ తర్వాత ఏళ్ల తరబడి అగరొత్తులు, ఫినాయిలు కొంటూనే ఉంటారు.

డెల్టా పట్టణాల్లో ఇంకో చిక్కు రోడ్డు. పాత తారు తవ్వకుండా పొర మీద పొర వేస్తూ పోవడంతో ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇల్లు ఇప్పుడు రోడ్డుకి కిందైపోయింది. కాలవ గోడలూ దాంతో పాటే లేచాయి. ఇంటి పైపు చివర కాలవ నీటికంటే కిందికి పోతే మురుగు వెనక్కే వస్తుంది. జాకీలు పెట్టి ఇంటిని అమాంతం పైకి లేపించుకుంటున్నవాళ్లున్నారు, ఆ పనికి హర్యానా నుంచి మనుషులు వస్తున్నారు. అంత స్తోమత లేనివాళ్లు పైపు చివర నాన్‌రిటర్న్ వాల్వు పెట్టించుకోవచ్చు. అది నీటిని ఒకవైపుకే పోనిస్తుంది. ఏడాదికోసారి తెరిచి శుభ్రం చేయకపోతే అదీ బిగుసుకుపోతుంది.

సెప్టిక్ ట్యాంకు దగ్గరికి వస్తే కోనసీమ కష్టం ప్రత్యేకం. మెట్ట ప్రాంతంలో ట్యాంకు నుంచి వచ్చిన నీరు ఇంకుడు గుంతలోకి దిగి భూమిలో కలిసిపోతుంది. కోనసీమలో వానాకాలం రెండు మూడు అడుగులు తవ్వితేనే ఊట తగిలే చోట్లు చాలా ఉన్నాయి. అక్కడ ఇంకడానికి నేలలో చోటుండదు. పైగా వరలతో కట్టిన గుంతలోకి బయటి నీరే ఊరుతుంది. నిన్న ట్యాంకరుతో తోడించాం, ఇవాళ మళ్లీ నిండిందని ఎవరైనా వాపోతే ట్యాంకరువాడు మోసం చేశాడనుకోనక్కర్లేదు, నిండింది ఊట నీటితో. ఊట పైకి ఉన్నప్పుడు ట్యాంకు మొత్తం ఖాళీ చేయడం ప్రమాదం కూడా. తేలికపాటి ఫైబర్ ట్యాంకు అయితే పైపుల్ని విరుచుకుని పైకి తేలుతుంది. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ఊట దిగుతుంది. ట్యాంకు తీయించడానికీ, పైపులు మార్చడానికీ ఆ రోజులే అనువైనవి. రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించాలి. మరుగుదొడ్డిలో రోజూ యాసిడ్ పోస్తే ట్యాంకులో మలినాన్ని అరగదీసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ కలిపితే విషపూరితమైన క్లోరిన్ పుడుతుంది. ఆ రెండూ ఒకే రోజు వాడకపోవడమే మేలు.

హోటళ్లు, మిఠాయి దుకాణాల మురుగులో అసలు చిక్కు నూనె. మరిగే నూనె పోసేటప్పుడు నీళ్లలా జారుతుంది, పైపులో చల్లారాక గోడలకి కరుచుకుంటుంది. వంటగది దాటగానే ఒక గ్రీజ్ ట్రాప్ కట్టి, తేలిన నూనెను వారం వారం తీసేస్తే వీధి మొత్తానికి ఉపకారం.

ఇంత చెప్పాక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఎంత చిన్న ట్యాంకయినా లోపలికి మనిషిని దించకూడదు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకి వాసన పసిగట్టే శక్తే పోతుంది, క్షణాల్లో స్పృహ తప్పుతుంది. కాపాడబోయి వెనకే దిగినవాడూ పడిపోతాడు. తగిన రక్షణ లేకుండా మనుషులతో సెప్టిక్ ట్యాంకులు, మురుగు గొట్టాలు శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇల్లుగలవాళ్లకీ ఈ చట్టం వర్తిస్తుంది. మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. మనుషుల్ని మురుగులోకి దించడం ఆపాలన్న పోరాటాన్ని దేశం ముందు నిలబెట్టిన సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గరి తెలుగు కుటుంబంలో పుట్టారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం దక్కింది. అయినా కూలి వెయ్యి ఎక్కువిస్తాం దిగమని అడిగే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇది ఆగి తీరాలి.

ట్యాంకరు వచ్చినప్పుడు బేరం ఒక్కటే కాదు, తోడింది ఎక్కడ పోస్తారో కూడా అడగాలి. శుద్ధి కేంద్రానికి తీసుకెళ్లకుండా చీకటి పడ్డాక పంట కాలవలోనో, డ్రెయిన్లోనో వదిలేస్తే దిగువనున్న ఊళ్లు ఆ నీటినే వాడుకుంటాయి. కాలవ నీటిని చెరువుల్లో నింపుకుని తాగే ఊళ్లు డెల్టా నిండా ఉన్నాయి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. ఘాట్లకి రంగులు వేయడంకన్నా ముందు నదిలోకి దిగే మురుగు కాలవల సంగతి చూడమని మున్సిపాలిటీని నిలదీయడానికి వార్డు సభలున్నాయి. ఈ వేసవిలో కాలవలు కట్టేసేలోగానే అక్కడ ఈ మాట ఎత్తితే పూడికతీత పనులకి ఇంకా సమయం ఉంటుంది.