తేట నీళ్లలో ఉప్పెంత? ఎలా కొలుస్తారు?

కృష్ణా నది నీళ్లు తేటగా కనిపించినా అందులో కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాలు కరిగి ఉంటాయి. వాననీరు రాళ్లనూ మట్టినీ ఒరుసుకుంటూ ఈ లవణాలను మోసుకొస్తుంది. పొలాల నుంచి వచ్చే నీరు, ఊళ్ల మురుగు మరికొంత కలుపుతాయి.

వీటిని కొలిచే పాత పద్ధతి ఇదీ: వడకట్టిన నీటిని ఆవిరి చేసి, 180 డిగ్రీల వేడిలో ఆరబెట్టి, గిన్నెలో మిగిలిన పొడిని తూచాలి. ఏటి ఒడ్డున అంత తీరిక ఉండదు కదా! అందుకే నీటిలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూపే మీటరు వాడతారు. శుద్ధమైన నీటిలో కరెంటు దాదాపు పారదు. ఉప్పు కరిగితే అయాన్లనే ఆవేశమున్న కణాలుగా విడిపోతుంది; కరెంటును మోసేవి అవే. లవణాలు పెరిగేకొద్దీ మీటరు అంకె పెరుగుతుంది. నీరు ఒక్క డిగ్రీ వేడెక్కినా ఆ అంకె సుమారు 2 శాతం పెరుగుతుంది కాబట్టి, దాన్ని 25 డిగ్రీలకు సరిచేసి రాస్తారు.

ఒక్కచోట ఒక్కసారి కొలిస్తే నది సంగతి తెలియదు. వరదలో లవణాలు పలచబడతాయి, ఎండాకాలంలో చిక్కబడతాయి. అందుకే ప్రవాహాన్ని కూడా కొలవాలి.

తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకపోతే మేలని మన దేశ ప్రమాణం. అయితే ఇంట్లో వాడే చిన్న మీటరు మొత్తం లవణాలనే చెబుతుంది. నల్లగొండను పీడించిన ఫ్లోరైడ్‌ను అది విడిగా గుర్తించలేదు, క్రిములనూ పట్టలేదు. అంకె తక్కువుందని నీళ్లు తాగేయకండి. ల్యాబులో పరీక్ష చేయించమని పెద్దలకు చెప్పండి.